పుస్తకం, సంతకం, తాళంచెవి

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాసం)

ముందు వరసలో కొన్ని కుర్చీలు ఖాళీగా కనపడుతున్నాయి. ఎవరికోసం అట్టేపెట్టినవైనా సరే, చోటు చాలక గోడవారన నిలబడిన అమ్మాయిలు వచ్చి వాటిలో కూర్చోండి. మీరు సర్దుకున్నాకే మొదలుపెడతాను.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు మీద మాట్లాడమని పిలవడం నాకు దక్కిన గౌరవం. ఆమె రాజ్యాంగ సభ సభ్యురాలు, ప్రణాళికా సంఘం సభ్యురాలు, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలు, పద్మవిభూషణ్ గ్రహీత. ఈ పట్టికంతా మీ చేతిలోని ఆహ్వానపత్రికలో ఉంది, మళ్లీ చదవను. ఆ పట్టిక చూసినప్పుడల్లా నాకు వేరే ప్రశ్నలు వస్తాయి. ఈమెకు మొట్టమొదటి బాధ్యత ఏ వయసులో దొరికింది? ఎవరిచ్చారు? పొరపాటు చేస్తుందేమోనని మధ్యలో లాగేసుకున్నారా, చివరిదాకా ఉండనిచ్చారా?

ఈ ప్రశ్నల చుట్టూనే ఇవాళ మాట్లాడతాను. నేను చెప్పదలచినది ఒక్కటే. ఆడపిల్లలు నాయకులు కావాలని మనం చాలా సభలు పెడుతున్నాం, చాలా ధైర్యం చెబుతున్నాం. కానీ ఎవరైనా నాయకులయ్యేది నలుగురికీ సంబంధించిన పని ఒకటి చేతికొచ్చి, దాని మంచిచెడ్డలకు తామే జవాబు చెప్పుకోవలసి వచ్చినప్పుడు. ఆ పనితోపాటు అధికారం కూడా రావాలి. మన ఊళ్లలో, సంస్థల్లో అధికారం మూడు వస్తువుల్లో ఉంటుంది: లెక్కల పుస్తకం, చెక్కు మీద సంతకం, స్టోరు గది తాళంచెవి. ఇవి మగపిల్లలకు పదిహేను, పదహారేళ్లకే అలవాటవుతున్నాయి. ఆడపిల్లలకు చాలాసార్లు నలభై దాటాక అందుతున్నాయి, అప్పుడు కూడా సగమే.

1

కాకినాడ నుంచి మొదలుపెడదాం.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో పుట్టారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని ఆ పిల్ల చెప్పింది. ఇంట్లోవాళ్లు ఆ మాటకు అడ్డు రాలేదు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

పన్నెండేళ్లకు అటూఇటూ వయసులో ఆమె తనే హిందీ నేర్చుకుని, ఆడవాళ్లకు నేర్పడానికి బాలికా హిందీ పాఠశాల పెట్టింది. చదువుకోవడానికి వచ్చినవాళ్లలో కన్నతల్లి కూడా ఉంది. పాఠం చెప్పేది కూతురు, పలక పట్టుకుని కింద కూర్చునేది తల్లి. తల్లి అలా కూర్చోగలగడం వల్లే ఊళ్లో మిగతా ఆడవాళ్లు తమ పిల్లల్ని పంపించారని నా నమ్మకం. పిల్లలకు బాధ్యత ఇవ్వడమంటే పెద్దలు ఒక మెట్టు దిగి కూర్చోవడం కూడా.

1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. ఊళ్లో దేవదాసీ స్త్రీలు, పరదా చాటున బతికే ముస్లిం స్త్రీలు ఆయన్ని చూడాలి, ఆయన మాట వినాలి అని ఈ పిల్ల పట్టుబట్టింది. సభ నిర్వాహకులు టైము లేదన్నారు. చివరికి ఐదు వేల రూపాయలు నిధికి సేకరిస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ కాలంలో ఐదు వేలంటే ఎంతో ఊహించుకోండి. ఆ స్త్రీలే పూనుకుని డబ్బు పోగుచేశారు. సభ జరిగింది. గాంధీజీ అనుకున్నదానికన్నా ఎక్కువసేపే ఉన్నారు. ఆయన హిందీ మాటల్ని తెలుగులో చెప్పింది ఈ పిల్లే. తర్వాత పురుషుల సభలోనూ, అనువదించవలసిన కాంగ్రెస్ నాయకులు కొండా వెంకటప్పయ్య గారికి బదులు ఆమెనే అనువదించమన్నారు. దుర్గాబాయి గారి జీవితం గురించి చెప్పేవాళ్లంతా ఇక్కడ ఆమె వాగ్ధాటిని మెచ్చుకుంటారు. నేను ఆ ఐదు వేల దగ్గర ఆగుతాను. మాట్లాడడం చాలామంది పిల్లలకు వస్తుంది. డబ్బు పోగుచేయించి, లెక్క చూసి, పెద్దల చేతికి అప్పజెప్పి, వాళ్లిచ్చిన మాట వాళ్లచేత నిలబెట్టించడం వేరే విద్య. అది ఆ పిల్లకు పన్నెండేళ్లు నిండకముందే తెలిసింది.

1923 డిసెంబరులో కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభ జరిగింది. మౌలానా మొహమ్మద్ అలీ అధ్యక్షులు. చిన్నపిల్ల కాబట్టి దుర్గాబాయిని పక్కనున్న ప్రదర్శన గేటు దగ్గర వలంటీరుగా నిలబెట్టారు. టిక్కెట్టు లేనిదే ఎవర్నీ లోపలికి పంపొద్దని చెప్పారు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టిక్కెట్టు లేదు. పద్నాలుగేళ్ల పిల్ల ఆపింది. నిర్వాహకులు పరుగున వచ్చి కోప్పడ్డారు. టిక్కెట్టు కొన్నాకే ఆయన లోపలికి వెళ్లారు. పిల్ల తన పని తాను చేసిందని నెహ్రూ మెచ్చుకున్నారు.

ఈ కథ మీరంతా బళ్లో విన్నదే. దీన్ని మనం ఆ పిల్ల ధైర్యం గురించి చెప్పుకుంటాం. ధైర్యం ఉంది, కాదనను. కానీ ఆ గేటు ఆమె చేతిలో పెట్టినవాళ్లొకరున్నారు కదా. నియమం ఏమిటో స్పష్టంగా చెప్పారు. ఆమె దాన్ని అమలు చేసినప్పుడు, ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా, ఆ నియమం నిలబడింది. కోప్పడ్డ నిర్వాహకుల మాటే చెల్లి, ఆ పిల్లను అందరిముందూ పక్కకు లాగేసి ఉంటే ఏమయ్యేది? ఇంకెప్పుడూ ఏ గేటు దగ్గరా గట్టిగా నిలబడేది కాదేమో. మన ఇళ్లలో, బళ్లలో ఎంతమంది పిల్లల్ని అలా పక్కకు లాగేశామో తలుచుకుంటే బాధేస్తుంది.

2

1930లో ఉప్పు సత్యాగ్రహం, మద్రాసులో శాసనోల్లంఘన, జైలు. విడుదల, మళ్లీ జైలు. వెల్లూరు, మదురై జైళ్ల జీవితం ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. బయటికొచ్చాక ఆమె చదువు వైపు తిరిగారు. బెనారస్ మెట్రిక్యులేషన్‌కు ప్రైవేటుగా కట్టారు. ఆ తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గడప తొక్కితే, ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోలేమన్నారు.

ఇలాంటి జవాబు ఈ గదిలో కూర్చున్న అమ్మాయిల్లో చాలామంది ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. బస్సు లేదు, బాత్రూము లేదు, వార్డెను లేదు, కాబట్టి వద్దు. దుర్గాబాయి ఏంచేశారంటే, హాస్టలు లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలెవరైనా ఉంటే తనకు రాయమని పత్రికలో ప్రకటన ఇచ్చారు. రాసినవాళ్లంతా కలిసి తామే ఒక హాస్టలు నడుపుకున్నారు. సీటు వచ్చింది. తనొక్కతి కోసం బతిమాలుకుని ఉంటే ఏ బంధువుల ఇంట్లోనో గది చూసుకుని తన చదువు తాను పూర్తిచేసేవారు. ఆమె తనలాంటివాళ్లు ఎవరున్నారా అని వెతికారు. ఒక మనిషి ఇబ్బంది పదిమంది పనిగా మారిన చోటు అది. రాజనీతి శాస్త్రంలో పట్టా, 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం పట్టా తర్వాత వచ్చాయి.

1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ కూడా అలాంటిదే. బళ్లో చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లల్ని బెనారస్ మెట్రిక్‌కు తయారుచేయడం దాని తొలి పనుల్లో ఒకటి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె అధ్యక్షులయ్యాక అదే ఆలోచన దేశమంతటికీ పాకింది. చదువు మానేసిన వయోజన స్త్రీలకు తక్కువ కాలంలో పరీక్ష కట్టించి గ్రామసేవికలుగా, నర్సులుగా, టీచర్లుగా పంపే కండెన్స్‌డ్ కోర్సులు 1958లో మొదలయ్యాయి. ఆ కోర్సుల్లో చదివి టీచర్లయినవాళ్ల మనవరాళ్లు ఇవాళ ఈ సభలో ఉన్నా ఆశ్చర్యపోను.

రాజ్యాంగ సభ ముచ్చట ఒకటి మాత్రం తప్పకుండా చెప్పాలి. అందులో ఉన్న స్త్రీలు పదిహేనుమంది. పెద్దల సభకు పోటీచేయాలంటే కనీస వయసు ముప్పై అయిదు ఉండాలని 1949లో ప్రతిపాదన వచ్చింది. దాన్ని ముప్పైకి తగ్గించాలని సవరణ ప్రతిపాదించినది దుర్గాబాయి. వివేకం వయసుతోనే వస్తుందని అనుకోనక్కర్లేదని, కొత్త తరం ఆడపిల్లలూ మగపిల్లలూ పౌర విషయాలు బాగా తెలుసుకుంటున్నారని ఆమె వాదన. సభ ఒప్పుకుంది. ఇవాళ్టికీ రాజ్యసభకు కనీస వయసు ముప్పై. ఆ వాదన చేసినావిడకు అప్పటికి నలభై నిండలేదు. కానీ ప్రజాజీవితంలో ఆమెకు ఇరవై ఏడేళ్లకు పైబడిన అనుభవం ఉంది. చిన్నవాళ్లను నమ్మండి అని ఆమె అన్నది సొంత అనుభవంతోనే.

3

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. ఊరి రాజకీయం కుర్రాళ్లకు ఎక్కడ అలవాటవుతుంది? నేను చూసినంతలో వినాయక చవితి పందిరి దగ్గర.

ఇందులో నాకు ఎగతాళి ఏమీ లేదు. పందిరి కమిటీ చాలా గొప్ప బడి. చవితికి నెల ముందు నుంచీ వీధిలో కుర్రాళ్లు రసీదు పుస్తకం అచ్చు వేయించి ఇంటింటికీ తిరుగుతారు. ఎవరు ఎంత ఇస్తారో, ఎవరు తిప్పించుకుంటారో, ఏ ఇంట్లో ముందు ఎవర్ని పలకరించాలో తెలుస్తుంది. పోలీసు స్టేషన్‌కు వెళ్లి అనుమతి పత్రం తెస్తారు. కరెంటు వాళ్లతో మాట్లాడతారు. మైకు సెట్టు, షామియానా, కొబ్బరాకులు బేరమాడతారు. పక్క వీధి కమిటీతో నిమజ్జనం దారి గురించి గొడవొస్తే పెద్దమనిషి ఇంట్లో కూర్చుని తేల్చుకుంటారు. లడ్డూ వేలం వేస్తారు. ట్రాక్టరు మాట్లాడతారు. ఆఖరున మిగిలింది ఎంత, తగ్గింది ఎంత అని లెక్క చెబుతారు. లెక్క తేలక తిట్లు తింటారు. మరుసటి ఏడు మళ్లీ వాళ్లకే రసీదు పుస్తకం దొరుకుతుంది.

ఇలా నాలుగు చవితులు నడిపిన కుర్రాడు ఇరవై ఏళ్లకల్లా ఎన్నికల్లో బూత్ ఏజెంటుగా కూర్చుంటాడు. వీధిలో ప్రతి గడపా అతనికి తెలుసు. ఎస్సై అతన్ని పేరు పెట్టి పిలుస్తాడు. ఇరవై ఒకటి నిండితే పంచాయతీకి పోటీ చేయొచ్చు. వార్డు మెంబరుగా నిలబడితే కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు.

అదే పందిట్లో అతని చెల్లెలు ఏంచేస్తుంది? తెల్లవారుజామున ముగ్గు వేస్తుంది, పత్రి కోసుకొస్తుంది, ఉండ్రాళ్లు చేయడంలో అమ్మకు సాయపడుతుంది, సాయంత్రం పాట పాడుతుంది. ఈ పనులు తక్కువవని నేను అనను. అయితే వీటిలో రసీదు పుస్తకం లేదు. బేరం లేదు. పరాయి ఇంటి గడప తొక్కి డబ్బడగడం లేదు. గొడవ తేల్చడం లేదు. అన్నకు ఐదేళ్ల అనుభవం వచ్చేలోపు చెల్లెలికి పాటలపోటీలో స్టీలు గిన్నె వస్తుంది.

తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్ల పండగే. పాట వాళ్లది, పువ్వు వాళ్లది. కానీ చెరువు గట్టు మీద లైట్లు పెట్టించడం, మెట్లు శుభ్రం చేయించడం, పంచాయతీతో మాట్లాడడం, డబ్బు ఖర్చుపెట్టడం చాలా ఊళ్లలో మగపిల్లల చేతిలోనే ఉంటున్నాయి. పండగ తమదైన చోట కూడా పెత్తనం తమది కాలేదు. ఈ మాట నేను ఎక్కడ చెప్పినా పెద్దవాళ్లు, “రాత్రిపూట పనులమ్మా, ఆడపిల్లలు ఎట్లా తిరుగుతారు?” అంటారు. ఆ భయం అబద్ధమని నేను అనలేను. అయితే ఆ భయానికి విరుగుడు ఆడపిల్లను ఇంట్లో ఉంచడమేనని మనం తీర్మానించేసుకున్నాం. ఇద్దరు పెద్దావిడలు వెంట నడిస్తే సరిపోయే పని అది.

ఆడపిల్ల విషయంలో ఇంకో కష్టం ఉంది. ఊళ్లో మగపిల్లాడి పేరు నిలబడే వయసులోనే ఆడపిల్ల పెళ్లి చేసుకుని ఊరు మారుతుంది. అతను పదహారేళ్ల వయసు నుంచి పోగేసుకున్న పరిచయాలన్నీ అక్కడే అతనికి అక్కరకొస్తాయి. ఆమె ఇరవై రెండేళ్లకు కొత్త ఊళ్లో ఫలానా వారి కోడలుగా మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే ఆమె చిన్నప్పుడు నేర్చుకున్నది వెంట తీసుకెళ్లగలిగేదై ఉండాలి. పరిచయాలు వెంట రావు. లెక్క రాయడం, సభ నడపడం, కాగితం చదివాకే సంతకం పెట్టడం ఎక్కడికైనా వెంట వస్తాయి.

4

లెక్కల పుస్తకం ఆడవాళ్ల చేతికి వచ్చిన కథ ఒకటుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. దూబగుంట అనే ఊళ్లో రాత్రి బడికి వచ్చిన కూలి స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడు రాష్ట్రమంతా మోగింది. ఆ ఊరి కథ అక్షరాస్యత పుస్తకంలో పాఠమై మిగతా ఊళ్లకు వెళ్లింది. చదివిన ఊరల్లా సారా దుకాణం మూయించింది. సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు మీకు తెలిసినవే.

ఈ ఉద్యమం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా నిషేధం ఎత్తేయడంతో కథ ముగిస్తారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది వేరే. ఆ ఆడవాళ్లే రోజుకో రూపాయి దాచుకుంటూ పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు. అవి డ్వాక్రాతో, తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం పథకాలతో కలిసి రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ఊరికీ చేరాయి. పదీపదిహేనుమంది సభ్యులు, మొదటి లీడరు, రెండో లీడరు. వారం వారం మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, సక్రమంగా తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. సంఘం ఆడవాళ్లను ఎవర్నడిగినా పంచసూత్రాలని వీటిని గుక్క తిప్పుకోకుండా చెబుతారు.

ఈ ఐదో సూత్రం, పుస్తకాలు రాయడం, ఎవరు చేస్తున్నారో మీరెప్పుడైనా గమనించారా? చాలా ఇళ్లలో లీడరు కూతురు. ఇంటర్ చదివే అమ్మాయి మంచం మీద కూర్చుని తీర్మానం పుస్తకం, పొదుపు లెడ్జరు, అప్పుల లెడ్జరు ముందేసుకుని ఉంటుంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచే చెబుతుంది: “రమణమ్మది ఈ వారం రాలేదు, వచ్చే వారం రెండూ కలిపి ఇస్తానంది, అట్లానే రాయి.” అమ్మాయి రాస్తుంది. ఎవరు ఎందుకు అప్పు తీసుకున్నారో, ఎవరి కంతు ఎందుకు తప్పిందో, ఎవరింట్లో ఆపరేషన్ జరిగిందో ఆమెకు తెలుసు. ఊరి ఆర్థిక పరిస్థితి ఆ పిల్లకు తెలిసినంతగా పంచాయతీ కార్యదర్శికి కూడా తెలియదు. అయినా సంఘంలో ఆమె సభ్యురాలు కాదు. ఆమె రాసిన తీర్మానం కింద ఆమె పేరు ఉండదు. ఏళ్లతరబడి రాసి, ఒకరోజు పెళ్లయి వెళ్లిపోతుంది. తర్వాత పక్కింటి అమ్మాయి రాస్తుంది. ఇంత అనుభవాన్ని మనం లెక్కలోకే తీసుకోవడం లేదు.

పంచాయతీల సంగతి చూడండి. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి మూడో వంతు సీట్లు స్త్రీలకు ఇచ్చింది. తర్వాత మన రెండు రాష్ట్రాల్లోనూ అది సగమైంది. చట్టం చేయగలిగింది చేసింది. రిజర్వేషను వచ్చిందని తెలిసిన రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఎవరి పేరు పెడదామని మగవాళ్లు కూర్చుంటారు. భార్య పేరో, అమ్మ పేరో ఖాయమవుతుంది.

ఒక పంచాయతీ ఆఫీసు గోడ మీద మహిళా సర్పంచ్ పేరు పెద్దక్షరాలతో రాసి ఉంది. కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. సంతకాలు కావలసిన రిజిస్టరును అటెండరు సంచిలో పెట్టుకుని సైకిలు మీద ఆమె ఇంటికి తీసుకెళ్లి తెస్తున్నాడు. ఆమెను నిందించడానికి నా మనసు ఒప్పుకోలేదు. నలభై అయిదేళ్ల వయసులో జీవితంలో మొట్టమొదటి రిజిస్టరు ఆమె ముందుకొచ్చింది, అదీ సంచిలో.

అదే మండలంలో ఇంకో ఊరు. అక్కడి సర్పంచ్ ప్రతి బిల్లూ చదివి, మోటారు రిపేరుకు ఇంతెందుకయింది, పాత వైండింగు ఏది, చూపించండి అని అడిగింది. కార్యదర్శి వెళ్లి పాత రాగి తీగ తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె తూకం చూసి సంతకం పెట్టింది. ఆమెది మరీ పెద్ద చదువేమీ కాదు. చిన్నప్పుడు అమ్మ సంఘం పుస్తకాలు రాసింది, పెళ్లయి వచ్చాక గ్రామ సంఘంలో బుక్‌కీపరుగా చేసింది. తేడా అంతా అక్కడే ఉంది. ఇద్దరిలో ఒకరికి సహజంగా నాయకత్వ లక్షణాలు ఉన్నాయి, ఒకరికి లేవు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ముందు తరం స్త్రీ కుర్చీలో కూర్చుంటే చూసే పిల్ల మీద ఆ ప్రభావం ఎంత ఉంటుందో పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో ఆర్థికవేత్త ఎస్తేర్ దుఫ్లో, ఆమె సహచరులు పరిశీలించి 2012లో ప్రకటించారు. రెండు విడతలు మహిళా ప్రధాన్ (సర్పంచ్) ఉన్న ఊళ్లలో కొడుకు చదువు మీద, కూతురు చదువు మీద తల్లిదండ్రులు పెట్టుకునే ఆశల మధ్య తేడా బాగా తగ్గింది. చదువులో ఆడపిల్లల వెనకబాటు అక్కడ లేకుండా పోయింది. ఇంటి పనికి వాళ్లు వెచ్చించే సమయమూ తగ్గింది. అలాంటి ఊరు ఒకటి మనకు ఎదురుగా ఉంటే ఉపన్యాసాల అవసరమే తక్కువ.

ఇక శాసనసభ. 2023లో తెలంగాణ శాసనసభకు ఎన్నికైన 119 మందిలో స్త్రీలు పదిమంది. అదే ఏడాది 106వ రాజ్యాంగ సవరణ స్త్రీలకు మూడో వంతు సీట్లు ఇస్తామంది, జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాక. అది అమల్లోకి వచ్చిన రోజున మళ్లీ ఇంటిపేర్లు చూసి అభ్యర్థుల్ని వెతుక్కోకుండా ఉండాలంటే ఇవాళ పదహారేళ్లున్న పిల్లల చేతుల్లో ఏదో ఒక పుస్తకం ఉండాలి.

5

దీనికి అడ్డుపడేది చిన్నతనపు పెళ్లి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దాదాపు నలుగురిలో ఒకరు. ఈ అంకె చెప్పాక దాని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

అడ్డు తొలగిన చోట ఏం జరుగుతుందో రెండు ఉదాహరణలు చెబుతాను. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమె తొలి పాఠాలు నేర్చింది భువనగిరి గుట్ట మీద. ఇంకొకటి, జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత స్త్రీల సంఘాలు 2008 అక్టోబరు 15న ప్రారంభించిన సంఘం రేడియో. దాన్ని నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు స్థానిక యువతులు. పట్నం నుంచి ఎవరో వచ్చి మైకు ముందు కూర్చోలేదు. రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం వాళ్లవే. ఏ విత్తనం గురించి మాట్లాడాలో, ఎవరి పాట వినిపించాలో తేల్చేది ఆ ఊళ్ల సంఘాలే.

ఎవరెస్టు అందరూ ఎక్కరు. కాబట్టి నేను కళ్లారా చూసిన ఒక చిన్న స్టోరు గది గురించి చెప్పనివ్వండి.

తెలంగాణలో ఒక బాలికల గురుకులం. పొద్దున ఆరు దాటింది. కూరగాయల ఆటో వచ్చి ఆగింది. స్టోరు గది ముందు తూకం మిషను, పక్కన స్టూలు మీద రిజిస్టరు. మెస్ కమిటీలో ఆ వారం వంతు తొమ్మిదో తరగతి పిల్లలది. రెండు జడలు, మెడలో తాడుకు కట్టిన తాళంచెవి. ఒక పిల్ల టమాటా ట్రేను తూకానికి పెట్టక ముందే చెయ్యి అడుగుకు పోనిచ్చి తీసింది. వేళ్లకు రసం అంటింది. “ఇవి మెత్తబడినయ్ అన్నా, ఈ ట్రే వాపస్ తీస్కపో” అంది. అతను నవ్వి వార్డెన్ వైపు చూశాడు. వార్డెనమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. “నన్నెందుకు చూస్తవ్, సంతకం పెట్టేది ఆమె” అంది. రెండు ట్రేలు మళ్లీ ఆటో ఎక్కాయి. పిల్ల రిజిస్టర్లో వచ్చింది ఇంత, తీసుకున్నది ఇంత అని రెండు గడుల్లో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, గది తాళం వేసి, క్లాసుకు పరుగెత్తింది.

ఆ వార్డెనమ్మ ఆ నిమిషం కలగజేసుకుని తనే మాట్లాడి ఉంటే టమాటాలు అలాగే వాపసు వెళ్లేవి. పిల్లకు మాత్రం ఏమీ దక్కేది కాదు. వ్యాపారి తనవైపు చూసినప్పుడు ఆవిడ చూపు తిప్పి పిల్లవైపు పంపింది. పెద్దవాళ్లుగా మనం చేయగలిగిన పనుల్లో అంతకు మించినది నాకు తెలియదు.

కొందరు ప్రిన్సిపాళ్లు నాతో అన్నారు, పిల్లలు తప్పు చేస్తే ఆడిట్ వాళ్లకు ఎవరు జవాబు చెప్పాలని. న్యాయమైన ప్రశ్నే. తప్పులు జరుగుతాయి. ఎక్కం తప్పుతుంది, బియ్యం బస్తా లెక్క ఒకటి తేలకుండా పోతుంది, పక్క బల్ల స్నేహితురాలికి కోడిగుడ్డు ఎక్కువ పడుతుంది. అప్పుడు అందరి ముందూ లెక్క చదివించి సరిచేయించాలి. పదవి తీసేయకూడదు. మగపిల్లల పందిరి కమిటీకి ఏటేటా లెక్క తేలకపోయినా మరుసటి ఏడు రసీదు పుస్తకం ఇస్తున్నాం కదా. ఆడపిల్లకు ఒక్క తప్పుతో ఎందుకు తలుపు మూసేస్తున్నాం?

6

చివరిగా ఈ కళాశాల గురించి. ఆహ్వానించినందుకు కృతజ్ఞతగా, కొంచెం చొరవ తీసుకుని మాట్లాడుతున్నాను.

మీ హాస్టల్లో మెస్ కమిటీ ఉందని విన్నాను. మెనూ అడగడంతో దాని పని అయిపోతోంది. మెనూ అడగడం కోరిక చెప్పడం మాత్రమే. సరుకు కొనుగోలు ధరలు, తూకం, స్టోరు తాళంచెవి, నెలాఖరు లెక్క కమిటీకి అప్పగించండి. నెలకోసారి ఆ లెక్కను నోటీసు బోర్డులో పెట్టనివ్వండి. వార్డెను పక్కనే ఉండాలి, సంతకం మాత్రం వాళ్లది కావాలి.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే అమ్మాయిల్లో అమ్మ సంఘం పుస్తకాలు రాసేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి చేతులెత్తమని అడగండి. వద్దు, నేనే అడుగుతాను. ఎత్తండి. చూశారా, వెనక వరసల్లో కూడా ఎన్ని చేతులో. వీళ్లకు తెలిసినదాన్ని కామర్సు విభాగం గుర్తించి, ఆ అనుభవానికి మార్కులు ఇవ్వగలిగిన పద్ధతి ఒకటి ఆలోచించమని అధ్యాపకుల్ని కోరుతున్నాను. గ్రామ సంఘాల పెద్దలు ఇక్కడున్నారు. అమ్మా, మీ పుస్తకాలు రాసే పిల్ల మీటింగులో మీ పక్కన కూర్చుని మాట్లాడే ఏర్పాటు చేయండి. తీర్మానం కింద రాసినది ఫలానా అని ఆమె పేరు కూడా రాయించండి. దానికి ఏ జీవో అక్కర్లేదు.

ఈసారి కాలేజీలో పండగ పందిరి వేసినా, బతుకమ్మ ఆడినా రసీదు పుస్తకం ఆడపిల్లల చేతికి ఇవ్వండి. దుకాణాలకు చందాకు వాళ్లు వెళ్తారు. మగపిల్లలు వెంట నడుస్తారు. పోలీసు స్టేషన్‌లో అనుమతి కాగితం మీద సంతకం కూడా వాళ్లదే ఉండనివ్వండి. ఎస్సై గారికి వాళ్ల పేర్లు తెలియాలి.

ఈ ఉపన్యాస నిధి మీద ఏటా కొంత వడ్డీ వస్తుందని దాతల కుటుంబం వారు సభకు ముందు చెప్పారు. వారిని ఒకటి అడిగాను, వారు తలూపారు కాబట్టి మీ అందరి ముందూ చెబుతున్నాను. వచ్చే ఏడు ఈ వేదిక మీద ఎవరు మాట్లాడాలో, ఏ విషయం మీద మాట్లాడాలో తేల్చే పని రెండో సంవత్సరం విద్యార్థినుల కమిటీకి ఇవ్వాలి. ఉత్తరం రాసేది వాళ్లు, ప్రయాణం ఖర్చులు బేరమాడేది వాళ్లు, హాలు బుక్ చేసేది వాళ్లు, ఆహ్వానపత్రిక అచ్చు వేయించేది వాళ్లు, సభ అయ్యాక ఖర్చు చదివి వినిపించేది వాళ్లు. బ్యాంకు ఖాతాలో రెండో సంతకం కమిటీ కన్వీనరుది కావాలి. ఆ ఫారం ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఉందట. సభ ముగియగానే అమ్మాయిలు అక్కడికి వెళ్లండి, నేనూ వస్తాను.